ఫిల్టర్ కింద గ్లాసు

యూనివర్సిటీ పరిశోధకుల చేత కంపెనీలు పెట్టించడం నా ఉద్యోగం. ఈ మేడమ్‌తో మాత్రం తల ప్రాణం తోకకొచ్చింది. అద్దకం ఫ్యాక్టరీ మురుగును మంచినీళ్లు చేసే ఫిల్టర్ కనిపెట్టారు గానీ, నోరు విప్పితే "బహుశా".

"ఆ మాట మింగెయ్యండి మేడమ్! పెట్టుబడి పెట్టేవాళ్లకి బహుశాలు పనికిరావు," అని గొంతు చించుకున్నాను. వింటేగా!

పెట్టుబడిదారు వచ్చిన రోజు, ఆవిడ నోరు తెరవకముందే నేనే అందుకున్నాను. "నూటికి నూరుపాళ్లూ శుభ్రమైన నీళ్లండీ!"

ఆయన ఫిల్టర్ కింది గ్లాసు తీసి నా చేతికిచ్చారు. "అయితే తాగండి."

పెదాల దాకా వెళ్లిన గ్లాసు అక్కడే ఆగిపోయింది.

మేడమ్ దాన్ని లాక్కుని గటగటా తాగేశారు.

"ల్యాబ్‌లో రోజూ ఇవే తాగుతానండీ," అన్నారు మూతి తుడుచుకుంటూ. "బహుశా ఉప్పదనం ఇంకాస్త తగ్గాలి."