కట్టమీది కంప

"కట్ట తెగితే మీ చీనీతోట గూడా మునుగుతాది రెడ్డీ" అన్నాడు దేవదానం, చేతిలోని గాజుగ్లాసు ముందుకు చాపుతూ.

గ్లాసులో ఎర్రటి బురదనీళ్లున్నాయి. వరదకట్ట వెనక ఊరుతున్న నీటిని పొద్దున్నే పట్టి తెచ్చాడు. ఆ కట్టకు ఇరవై రెండేళ్లుగా అతడే కాపలా లస్కరు. ఊట తేటగా ఉన్నంతకాలం భయం లేదు. మన్ను కలిసి వచ్చిందంటే కట్ట లోలోపల కోసుకుపోతోందని అర్థం.

కుళ్లాయిరెడ్డి గ్లాసు వైపు చూడనైనా లేదు.

"కట్టమీది ముళ్లకంప కొట్టొద్దని పోయిన నెలే చెప్పినా గదప్పా. దాని ఏర్లే కట్టను పట్టుకోనుండేది."

"ఏర్లు కుళ్లినచోటే నీళ్లకు దోవ పడతాంది రెడ్డీ. కంప పీకి, మన్నేసి దిమ్మిస కొట్టాల."

"వద్దంటి గదా."

దాంతో మాట అయిపోయింది. రెడ్డి ఊ అనందే ఆ ఊళ్లో ఎవడూ పార పట్టడని ఆఫీసులో ఇంజనీరు ఎప్పుడో చేతులెత్తేశాడు. కట్ట కింద వంక ఒడ్డున అరవై ఇళ్లున్నాయి. అందులో దేవదానం ఇల్లూ ఒకటి. కూతురు సరోజమ్మ కాన్పుకొచ్చి ఉంది. పెద్దవానలకు నెల కూడా లేదు. అతడికి అన్నం సయించడం లేదు.

మరునాడు మళ్లీ వెళ్లాడు. ఈసారి వట్టి చేతులతోనే.

"ఒక మాట చెప్పాల రెడ్డీ. తూము పక్కన కంపలో మనుషులు మాటేసినారు."

రెడ్డి ఆకు నమలడం ఆపాడు. "నువ్వు చూసినావా?"

"కండ్లారా చూసినా. మొగాలకు టవాళ్లు చుట్టుకోనుండారు. మద్దిలేటిరెడ్డి మనుషులే అనుకుంటా. మీరు తోటకు పోయే దోవ గదా."

అంతా పచ్చి అబద్ధం. ఆ కంపలో కౌజుపిట్టలు తప్ప అతడు చూసిందేమీ లేదు. కానీ పగమీదున్న ఈ ఇద్దరు రెడ్ల పార్టీల జీపులూ తిరిగేది ఆ కట్టమీదే. వరదకు జంకనివాడు బాంబుకు జంకుతాడని దేవదానం లెక్క.

రెడ్డి ఆకు ఊసేసి దగ్గరికొచ్చాడు. "వాళ్లు నిన్ను చూసినారా?"

"లేదు."

"ఇంగెవరికన్నా చెప్పినావా?"

"లేదు రెడ్డీ."

"చెప్పొద్దు."

తెల్లారేసరికి ముప్పైమంది గొడ్డళ్లతో కట్టెక్కారు. కంపను వేర్లతో సహా పెకలించారు. ఎలుకబొక్కలు తవ్వి బంకమన్ను కూరారు. ట్రాక్టర్లతో మన్ను తోలి, నీళ్లు చల్లి దిమ్మిస కొట్టి గట్టిపరిచారు. వారానికల్లా ఊట తేటబడింది.

సంగతి విని భార్య జ్ఞానమ్మ గుండె బాదుకుంది. "అబద్ధ సాక్ష్యం పలకొద్దని ప్రతి ఆదివారం ఇంటాండావే, ఇదేం పని? రెడ్డి పోయి ఆ మద్దిలేటిరెడ్డిని నరికింటే ఆ పాపం ఎవరిది?"

"పోలేదు గదమ్మీ. ఎందుకో మరి, ఆయప్పను ఒక్కమాట గూడా అనలే. అరవై ఇండ్లు నిలబడతాయి. దేవునికి నేను చెప్పుకుంటాలే."

పైకి అలా అన్నాడు గానీ, మద్దిలేటిరెడ్డి జీపు కట్టెక్కినప్పుడల్లా అది దాటిపోయేదాకా చూస్తూ నిలబడేవాడు.

వాన నాలుగు రోజులు విడవకుండా కురిసింది. వంక ఉరికొచ్చి కట్టకు బారెడు కింద ఆగింది. చుక్క బురద రాలేదు. సరోజమ్మ పొడి ఇంట్లో మగబిడ్డను కనింది.

ఐదోరోజు కుళ్లాయిరెడ్డి కట్టమీద జీపు ఆపి, వెంట ఉన్నవాళ్లను ముందుకు పొమ్మన్నాడు. తను దిగి దేవదానం పక్కకొచ్చి నిలబడ్డాడు.

"నెలైంది. నోరిప్పలేదు నువ్వు. శానా నమ్మకస్తునివప్పా."

"నాదేముంది రెడ్డీ. కంప కొట్టిచ్చింది మీరు."

"నువ్వు చూసినానంటివి. ఇంగ కొట్టియ్యక ఏం చేసేది?"

రెడ్డి నీళ్లవైపు చూస్తూ గొంతు తగ్గించాడు.

"మద్దిలేటిరెడ్డి కోసరం ఆడ మాటేసింది మావాళ్లే."