తొమ్మిదో గుప్పెడు

"ఎనిమిది పళ్ళాలు. అంతే. తొమ్మిదో దాని మాట ఎత్తొద్దు" అన్నాడు భర్త.

"దానికి కాస్తంత అన్నం పెట్టడానికి కూడా మీకు చేతులు రావడం లేదు" అంది భార్య.

వంటింటి గుమ్మంలో నిలబడ్డ వంటలు చేసే గుప్పెళ్ళ పిన్ని ఎవరి మొహం చూడాలో తెలియక చేతిలోని బియ్యం డబ్బా వైపు చూసుకుంది. రేపు చిన్నోడి పుట్టినరోజు. పిల్లలకి వంట ఎంత చెయ్యాలో చూడమని ఆమెని పిలిచారు. కేకు అయింది, పళ్ళరసం అయింది, కూరగాయల అన్నం దగ్గరికి వచ్చేసరికి లెక్క అడ్డం తిరిగింది.

"పోయినేడాది పెట్టాంగా దాని పళ్ళెం! ఏమైంది? వీడు దాని వంకే చూస్తూ ఒక్క ముద్ద ముట్టలేదు. వచ్చిన పిల్లలు బిక్కచచ్చిపోయారు. ఈ ఏడైనా వాడి పుట్టినరోజు వాడిది కావద్దా?" అన్నాడు భర్త.

కూతురు పోయాక ఆ ఇంట్లో ఏ మాట మొదలుపెట్టినా చివరికి అక్కడికే వచ్చి ఆగుతోంది. అతను అన్నదీ న్యాయమే. అందుకే భార్యకి మరింత ఒళ్ళు మండింది.

"ముందు పిల్లల్ని పిలవండమ్మా" అంది పిన్ని. "వాళ్ళ చేతులు చూస్తే గానీ నా చెయ్యి ఆడదు."

పిన్నికి తూకాల మీద నమ్మకం లేదు. పిల్లాడి గుప్పెడు బియ్యం ఉడికితే ఆ పిల్లాడి పొట్టకి సరిగ్గా సరిపోతుందంటుంది. అందుకే పార్టీకి వచ్చే పిల్లలందరినీ ముందురోజే రప్పించి, బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, తలా ఒక గుప్పెడు తీసి కుప్పగా పోయమంటుంది. ఆ పేరు ఆమెకి అలా వచ్చిందే. ఆమె వండిన చోట తక్కువైందీ లేదు, పారబోసిందీ లేదు.

చిన్నోడూ, వాడి నేస్తాలూ బిలబిలమంటూ వచ్చారు. పక్కింటి బొద్దబ్బాయి రెండు చేతులూ డబ్బాలోకి దించేశాడు.

"ఒరేయ్, ఒక గుప్పెడన్నాను. నీది పొట్టా, గోనెసంచా?"

రెండు జడల పిల్ల నాలుగు గింజలు రాల్చింది.

"నువ్వు తినడానికొస్తున్నావా తల్లీ, వాసన చూడటానికా?"

పిల్లలు విరగబడి నవ్వారు. భర్త కూడా నవ్వాడు. భార్య మాత్రం గోడకి ఆనుకుని ఆ చేతుల్నే చూస్తూ నిలబడింది. ఎనిమిది కుప్పలూ ముందుగదిలో బల్ల మీదికి వచ్చాక, ఇక్కడే ఉంటే చెరిపేస్తారని పిన్ని వాళ్ళందరినీ బయటికి తోలి తలుపు గడియ పెట్టింది.

మొగుడూ పెళ్ళాం పడగ్గదిలోకి వెళ్ళి గొంతులు తగ్గించి మళ్ళీ అదే మాట మీద పడ్డారు. బయట పిల్లల బంతి గోడకి తగులుతున్న చప్పుడు. పిన్ని వంటింట్లో బంగాళాదుంపలు చెక్కు తీస్తూ కూర్చుంది.

కాసేపటికి ఇద్దరూ పడగ్గదిలోంచి వచ్చారు. భార్య కళ్ళు ఉబ్బి ఉన్నాయి. తన మాటే నెగ్గినా భర్త మొహంలో ఆ కళ లేదు.

"ఎనిమిదే, పిన్నీ" అంటూ బల్ల వైపు తిరిగి ఆగిపోయాడు.

తెల్లగుడ్డ మీద తొమ్మిది కుప్పలున్నాయి. చివరిది మిగతావాటికి కాస్త ఎడంగా, చిన్నగా ఉంది. దాని నడుమ బొటనవేలు పట్టేంత గుంట.

భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పాప ముద్ద ముట్టే ముందు అన్నం నడుమ అలాగే బొటనవేలితో గుంట చేసేది. పులుసు పారిపోకుండా బావి తవ్వుతున్నానమ్మా అనేది. ఎన్ని దెబ్బలాడినా మానేది కాదు.

"నువ్వే పెట్టావు కదూ?" అన్నాడు భర్త. గొంతులో కోపం లేదు.

"మీ పక్కనే ఉన్నాను కదండీ. ఇద్దరం గది దాటలేదు."

అతను గబగబా వెళ్ళి తలుపు చూశాడు. వేసిన గడియ వేసినట్టే ఉంది. బయట బంతి చప్పుడు ఆగలేదు. చిన్నోడి అరుపులు అన్నిటికన్నా గట్టిగా వినిపిస్తున్నాయి.

"కంగారు పడకండి బాబూ, నేనే పోశాను" అంది పిన్ని వంటింట్లోంచి, తల ఎత్తకుండానే. "మీరలా కొట్టుకు చస్తుంటే చూడలేకపోయాను. ఒక్క గుప్పెడు ఎక్కువ పడితే నా గిన్నేం పగిలిపోదు. తిట్టాలనుంటే నన్ను తిట్టండి."

భార్య కుర్చీలో కూలబడి నవ్వుతూనే ఏడ్చేసింది. భర్త ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ఆ ఇంట్లో చాలా రోజుల తర్వాత ఇద్దరికీ ఒకేసారి ఊపిరాడింది.

"తొమ్మిది పళ్ళాలకే వండు, పిన్నీ" అన్నాడు. "చిన్నోడికి నేను చెప్పుకుంటాను. దాని పళ్ళెం నేనే వడ్డిస్తాను."

"ఎంత మంచిదానివి పిన్నీ!" అంది భార్య కళ్ళు తుడుచుకుంటూ. "మా పాప అన్నం తింటుంటే నువ్వెప్పుడూ చూడలేదు కదా. ఆ గుంట సంగతి నీకెవరు చెప్పారు?"

పిన్ని కత్తిపీట పక్కకి జరిపి, తడిచేతులు చీరకి తుడుచుకుంటూ బల్ల దగ్గరికి వచ్చింది. వంగి చివరి కుప్ప వైపు చూసింది. చూస్తూ చూస్తూ రెండడుగులు వెనక్కి వేసింది.

"కుప్ప పోసింది నేనేనమ్మా... గుంట నేను పెట్టలేదు."