ఇమాంబీ తాకీదు

“బయటోళ్లకు లోపల ఏం పని? నువ్వు గా మెట్ల మీద కూసో,” అని కైనాత్‌ను గుమ్మంలోనే ఆపేశాడు అఫ్సర్.

“బయటిదెట్లయితది? అది నా కోడలు. లోపలికి రా బిడ్డా,” అంది ఇమాంబీ. కొడుకు పోయిన ఈ నాలుగేళ్లూ కుట్టుమిషను తొక్కి తనను సాకుతున్న పిల్లను బయటిదంటే ఆమెకు ఒళ్లు మండింది.

తాండూరు రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదుట దస్తావేజులు రాసే షబ్బీర్ దుకాణం అది. మేనత్తను అఫ్సర్ పొద్దున్నే ఆటోలో ఎక్కించి తెచ్చాడు.

“వీలునామా రాయి, చాచా. ఫుప్పు ఇల్లు మొత్తం నా పేరున.”

“వీలునామా అంటే ఏంది?” అడిగింది ఇమాంబీ.

“విల్ అనేది దొరల మాట, ఖాలా. నామా అంటే ఫార్సీల కాయితం. రెండూ కలిపి అతికిన్రు. మనోళ్లది వసీయత్, అరబ్బీ మాట. అసలు అర్థం తాకీదు. పోయేటోళ్లు ఉండేటోళ్లకు గట్టిగ చెప్పిపోయేది.” షబ్బీర్ అఫ్సర్ వైపు తిరిగాడు. “అయినా ఆమెకు వారసుడివి నువ్వొక్కనివే. రాయకున్నా నీకే వస్తది కద?”

“మన షరియత్ల మూడో వంతు వారసులు కానోళ్లకు రాయొచ్చు కద! గదే నా పరేషాన్.”

“రాస్త. గా మూడో వంతు నా కోడలికే రాస్త,” అంది ఇమాంబీ.

“ఒక్క గజం గూడ రాయనియ్య, ఫుప్పూ! నువ్వు కన్ను మూసిన తెల్లారి ఆమె సామాను రోడ్డు మీదుంటది.”

ఈ మాట కొత్తదేం కాదు. రెండు రోజులకోసారి టేపు పట్టుకొచ్చి గదులు కొలవడం, మిషను మీది బట్టలు కింద పడేయడం, ఈ మాటే అనడం అతనికి అలవాటు. మగతోడు లేని ఇల్లు కదా, అడిగేవాళ్లెవరని ధీమా.

ఇమాంబీ చేతికర్రను నేలకేసి కొట్టింది. “సరే, మొత్తం నీకే. కానీ వసీయత్ అంటే తాకీదన్నడు కద! నా తాకీదు గూడ రాయి షబ్బీర్. నేను బతికినన్ని దినాలు వీడు మా గడప తొక్కొద్దు. నా కోడలిని ఒక్క మాట అనొద్దు. అంటే గీ కాయితం అదే దినం చింపేస్త. ఏం అఫ్సర్, ఒప్పుకుంటే దస్కత్ పెట్టు.”

కైనాత్ తల దించుకుని దుపట్టా నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఏడుపులు ఇంటికాడ పెట్టుకో,” అన్నాడు అఫ్సర్.

“ఇంటి కాయితాలేవి ఖాలా?” షబ్బీర్ అడిగాడు.

“భద్రంగున్నయ్. తేలేదు.”

“ఏం ఫికర్ లేదు చాచా, ఇంటి నంబరు నాకు నోటికొచ్చు,” అంటూ అఫ్సరే గబగబా చెప్పేశాడు.

పక్క చాయ్ హోటల్ నుంచి ఇద్దరు సాక్షులొచ్చారు. ఇమాంబీ వేలిముద్ర వేసింది. అఫ్సర్ సంతకం పెట్టి, టేపు జేబులో వేసుకుని లేచాడు.

“ఇంక రాను ఫుప్పూ. వచ్చే దినం ఒకటుంటది, గా దినమే వస్త.”

“గప్పటిదాక నీ నీడ గూడ పడొద్దు. నడువ్!” అంది ఇమాంబీ.

తాండూరులో అయితే అఫ్సర్ చెవిన పడుతుందని, నెల కిందటే వికారాబాద్ వెళ్లి ఆమె ఆ ఇంటిని కోడలికి దానంగా రిజిస్టర్ చేసిచ్చేసింది.