నాలుగో నంబరు సాంచా

నాడె మళ్లీ ఎగిరింది.

దారం మోస్తూ మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే ఆ కొయ్యముక్క ఈసారి రాజనర్సు భుజానికి తగిలింది. అతను తాను నడిపే సాంచాను, ఆ మరమగ్గాన్ని, ఆపేసి, భుజం పట్టుకుని కింద కూలబడ్డాడు.

"మాస్టర్, ఇది సాంచానా, తుపాకినా?"

గంగారాం నవ్వలేదు. పరాయి రాష్ట్రంలో, జోల్వాలోని ఆ బట్టల కార్ఖానాలో ఎనిమిది పాత సాంచాలు బాగుచేసే మాస్టర్ అతనే. నాలుగో నంబరు రోగం మాత్రం పది రోజులుగా అతనికి అంతుపట్టడం లేదు.

సేఠ్ తలుపు దగ్గరికి వచ్చి చూశాడు.

"గంగారాం, శనివార్ తక్ ఠీక్ కరో. నహీ తో సబ్ భంగార్ మే."

భంగార్ అంటే పాత ఇనుము. ఒక్క నాలుగో నంబరే కాదు, ఎనిమిదీ. వాటి జాగాలో కొత్త మిషన్లు వస్తాయి. వాటి వెంట వాటి మాస్టర్లు వస్తారు. ఏడో తరగతిలో బడి మానేసి, పాత సాంచా తప్ప లోకంలో మరొకటి ఎరగని గంగారాంను అప్పుడు కార్ఖానా ఊడవడానికి కూడా ఎవరూ పిలవరు.

అతనికి ఉన్న దిక్కు ఒక్కటే, ఫోన్లో ఒక వెబ్‌సైట్.

అక్కడ జనం అడగనిదంటూ లేదు. బిర్యానీ మాడితే ఏం చేయాలి, చిలకకు మాటలు ఎట్లా నేర్పాలి, జుట్టు రాలితే ఏం రాయాలి. సాంచాల సంగతి అడిగేవాళ్లు చాలామందే కానీ, జవాబు చెప్పేవాడు ఒక్కడే. పేరు 'పాతనాడె'. ఫోటో లేదు, ఊరు లేదు. రెండేళ్లుగా గంగారాంకు ఎన్నో మరమ్మతులు నేర్పాడు. ఆ తెలివంతా గంగారాందేనని కార్ఖానా అనుకుంటుంది. అతనూ కాదనలేదు.

హజీరా వైపు ఏదో పెద్ద కంపెనీలో, ఏసీ గదిలో కూర్చునే ఇంజనీరు అయివుంటాడని గంగారాం ఊహ.

ఆ సాయంత్రం వీడియో పెట్టి రాశాడు.

"అన్నా, నాలుగో నంబరుల నాడె ఎగురుతున్నది. శనివారం దాటితె నా నౌకరి పోతది. జోల్వాల నీళ్ల ట్యాంకు పక్కనే మా కార్ఖానా. దగ్గర్ల మంచి మాస్టర్ ఎవలన్న ఉంటె తోలియ్యి."

"వీడియోల తెల్వది తమ్మీ" అని జవాబు వచ్చింది. అంతే. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు.

"పెద్దోళ్లందరు గింతే" అని గంగారాం ఫోన్ జేబులో పడేశాడు.

గురువారం మధ్యాహ్నం. తిండి వేళ. సాంచాలన్నీ ఆగి ఉన్నాయి. చెమటకు తడిసిన చొక్కాతో, అరిగిపోయిన చెప్పులతో ఒక ముసలాయన లోపలికి వచ్చాడు.

"నాలుగో నంబరేది?"

గంగారాం టిఫిన్ డబ్బా మూశాడు.

"ఎవలు నువ్వు? సేఠ్ పంపిండా?"

ముసలాయన నవ్వి తల ఊపాడు.

"భంగార్ దుకాన్ల పనిచేస్తవా?"

మళ్లీ ఊపాడు.

"శనివారం దాక ఆగరా? పానం పోకముందే పాడె తెచ్చిన్రా?"

దానికీ నవ్వుతూ ఊపాడు. గంగారాంకు ఒళ్లు మండింది.

ముసలాయన అతన్ని దాటుకుని వెళ్లి, అంకె చూసుకుని, హ్యాండిల్ లాగాడు. నడుస్తున్న సాంచా మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు. చేతిని మెల్లగా జరుపుతూ నాడె పెట్టె కింద ఒకచోట ఆపాడు. సాంచా బంద్ చేసి, జేబులోంచి సుద్దముక్క తీసి, అక్కడ సున్నా చుట్టాడు.

సుద్ద సున్నా అంటే ఏమిటో జోల్వాలో అందరికీ తెలుసు. పోయిన నెల పక్క కార్ఖానాలో భంగార్‌వాళ్లు ప్రతి సాంచాకూ అట్లాగే సున్నాలు చుట్టిపోయారు. మర్నాడే టెంపోలు వచ్చాయి.

"నా కండ్ల ముంగటనే సున్న పెడ్తవా?"

గంగారాం నూనెగుడ్డతో సున్నాను తుడిచేశాడు. ముసలాయన రెక్క పట్టుకుని గేటు దాకా ఈడ్చాడు.

"తమ్మీ, జర ఆగు, గక్కడ..."

"నడువ్! ఇంకో మాట మాట్లాడితె కాళ్లు ఇరుగుతయ్."

ముసలాయన చెప్పు ఒకటి లోపలే ఊడిపోయింది. గంగారాం దాన్ని బయటికి విసిరి గేటు వేశాడు.

"పెద్దమనిషి, గట్లనా మాస్టర్? జరన్ని నీళ్లన్న ఇయ్యకపోతివి" అన్నాడు రాజనర్సు.

"నీళ్లెందుకు? నీ నౌకరి గుంజుకపోనీకి వచ్చిండు, చాయ్ తాపు!"

శనివారం వచ్చింది. నాలుగో నంబరు బాగుకాలేదు. భంగార్‌వాళ్లు వచ్చారు. అందరూ కుర్రవాళ్లే.

"మొన్నొచ్చిన ముసలోడు రాలేదా?" అని హిందీలో అడిగాడు గంగారాం.

"కౌన్ బుడ్ఢా, చాచా? హమ్ తో ఆజ్ పహలీ బార్ ఆయే." వాళ్లలో ముసలివాడే లేడు, అక్కడికి రావడం కూడా ఇదే మొదటిసారట.

వాళ్లు నట్లు విప్పుతుంటే నాడె పెట్టె కింది బ్రాకెట్ రెండు ముక్కలై గంగారాం కాళ్ల దగ్గర పడింది. వెంట్రుకంత సన్నని పాత పగులు అక్కడ. నాడె ఎందుకు ఎగిరేదో చూడగానే అర్థమైంది. ఆ పగులు అంచున, నూనెగుడ్డకు అందని సుద్ద కొంచెం తెల్లగా మిగిలి ఉంది.

గంగారాం ఆ ముక్కను ఏరి జేబులో వేసుకున్నాడు.

తర్వాత పాతనాడెకు రాద్దామని ఫోన్ తీశాడు. అతని ప్రశ్న కింద అప్పటికే ఒక జవాబు ఉంది.

"గంగారాం కాకా, నేను సంగీతను, గీ ఫోన్ల జవాబులు రాసే సోమలింగం బిడ్డను. నాయిన నిన్న పొద్దుగాల ఉధ్నాల మా రూముల పోయిండు, గుండె ఆగింది. ముందటిరోజు వద్దని ఎంత మొత్తుకున్న ఇనక, ఎండల రెండు బస్సులు మారి జోల్వా పోయొచ్చిండు. సాంచాల చప్పుడుకు చెవులు పోయి పన్నెండేండ్లాయె, ఎవలేమన్నా నవ్వుకుంట తలకాయ ఊపుడే. 'గంగారాం మంచోడు బిడ్డా, చాయ్ తాగిందాక ఇడిసిపెట్టలే, నేను సున్న చుట్టిన కాడ చూస్కుంటడు తియ్యి' అన్నడు, గదే ఆఖరు మాట."