మొదటి మేక

కళావతి ఆ చెక్కపెట్టె మీద చెయ్యి వేసి నిలబడింది.

"మీ అన్న వాడిన చిప్ పెడితెనే ఇది దుకాణం దాటుతది మల్లీ. లేకుంటే దుకాణానికి తాళమేసి మా తల్లిగారింటికి స్టేషన్ ఘన్‌పూర్ పోత. తర్వాత నీ ఇష్టం."

మల్లికార్జున్ తల పట్టుకున్నాడు. హన్మకొండ చౌరస్తాలో వాళ్లది రేడియోలు, టీవీలు బాగుచేసే దుకాణం. అది ఎనభై ఏడో సంవత్సరం. ఊళ్లో కంప్యూటర్‌ను కళ్లారా చూసినవాళ్లే తక్కువ. అలాంటిది ఈ అన్నదమ్ములిద్దరూ పాత టీవీని చెక్కపెట్టెలో బిగించి, పులి-మేక ఆడే కంప్యూటర్ తయారుచేయడానికి పూనుకున్నారు. పని సగంలో ఉండగానే, ఆర్నెల్ల కింద, అన్న, అంటే కళావతి మొగుడు రాజేశ్వర్ రావు, ఇదే బల్ల దగ్గర గుండె ఆగి పోయాడు. మిగతా సగం తమ్ముడు ఒక్కడే పూర్తి చేశాడు. రేపు పొద్దున దాన్ని దసరా ఎగ్జిబిషన్‌లో పెట్టాలి. పదిరోజులు ఆగకుండా ఆడితే దుకాణం నిలబడుతుంది, జనం ముందు మొరాయించిందా, ఇక షట్టర్ దించుకోవడమే.

బల్ల మీద గుడ్డముక్కలో రెండు ప్రాసెసర్ చిప్‌లున్నాయి. రెండూ నల్లగా, నలభై కాళ్లతో, కవల జెర్రుల్లా ఉన్నాయి. ఒకటి అన్న వాడిన పాతది. దాంతో ఆడితే ఒక్కో ఎత్తుకు చేతిలో చాయ్ చల్లారిపోతుంది, ఒక్కోసారి మధ్యలోనే బిగుసుకుపోతుంది. రెండోది మొన్న సికింద్రాబాద్ పోయి తెచ్చిన కొత్తది. జోరు రెండింతలు. ఏది పెట్టాలో ఈ పనిలో ఓనమాలు వచ్చినవాణ్ని ఎవణ్ని అడిగినా చెబుతాడు.

కళావతికి ఆ జోరుతో పనిలేదు. రాజేశ్వర్ రావుకు ఒక అలవాటుండేది. స్విచ్ వేయగానే మీటర్ జోలికి పోకుండా ముందు చిప్ మీద చూపుడువేలు ఆనించేవాడు. వెచ్చగా తగిలితే "బతికున్నది" అనేవాడు. అన్ని రోజులు ఆయన వేలు ఆనిన వస్తువులో ఆయన ఇంకా కొంచెమన్నా మిగిలి ఉంటాడని ఆమె నమ్మకం. పిచ్చి అనుకుంటే అనుకోండి, ఆ నమ్మకం మీదే ఆర్నెల్లుగా రెండు ముద్దలు తింటోంది.

మల్లికార్జున్ ఓపిగ్గా చెప్పి చూశాడు. ప్రాసెసర్‌కు జ్ఞాపకమనేది ఉండదని, స్విచ్ తీస్తే సమస్తం మరిచిపోయే జాతి అని, ఆట మొత్తం క్యాసెట్‌లో ఉందని, ఆ ఆట రాసింది తానేనని. ఆమె అంతా విన్నది. పెట్టె మీది చెయ్యి మాత్రం తియ్యలేదు.

"సరే వదినా, నువ్వన్నట్టే కానియ్" అన్నాడు చివరికి.

ఆమె వైపు వీపు తిప్పి పనిలో దిగాడు. రెండింటిలో ఒకటి సాకెట్‌లో కూర్చుంది. రెండోది అతని చొక్కా జేబులోకి పోయింది. తల ఎత్తకుండానే "పెట్టిన వదినా" అన్నాడు.

క్యాసెట్ తిరిగింది, తెర మీద గీతలు పడ్డాయి. మొదటి ఆట తానే ఆడతానని కళావతి స్టూలు జరుపుకుని కూర్చుంది. పులులు ఆమెవి, మేకలు కంప్యూటర్‌వి. బయట ఎండ దంచేస్తోంది, బస్సుల హారన్లు వినిపిస్తున్నాయి.

భోజనాలయ్యాక పలక మీద సుద్దతో గీసి భార్యతో రోజూ ఒక ఆట ఆడడం రాజేశ్వర్ రావుకు రివాజు. మొదటి మేకను కావాలనే పులి నోటి ముందు పెట్టేవాడు. "మొదటిది సమ్మక్కది" అనేవాడు. మేడారం మొక్కు ఆటలో కూడా తప్పకూడదట. కంప్యూటర్ కూడా అట్లే ఆడాలని ఆయన పట్టుబడితే తమ్ముడు ససేమిరా అన్నాడు. మేకను ఊరికే పులికి ఇవ్వరాదని ప్రోగ్రాం మొదట్లోనే రాసేశాడు. ఆ గొడవతో అన్నదమ్ములు రెండు రోజులు మాట్లాడుకోలేదు.

ఇప్పుడు ఎత్తు కంప్యూటర్‌ది. తెర కదల్లేదు. చాయ్ చల్లారేంతసేపు కదల్లేదు. మల్లికార్జున్ నుదుటి మీద చెమట పట్టింది.

అప్పుడు వచ్చింది మొదటి మేక. వచ్చి, వెనక ఖాళీ వదిలి, సరిగ్గా పులి ముందు నిలబడింది.

కళావతి మీట నొక్కింది. పులి దూకింది, మేక పోయింది. మల్లికార్జున్ గబగబా స్విచ్ తీసి, క్యాసెట్‌ను మొదటినుంచి ఎక్కించాడు. మళ్లీ అంతే సేపు, మళ్లీ అక్కడే మేక. మూడోసారీ అదే.

"ఆడుతాండు మల్లీ. మీ అన్ననే ఆడుతాండు."

ఆర్నెల్ల తర్వాత ఆమె నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. మల్లికార్జున్‌కు ఆమె సంతోషం చూస్తే ఏడుపొస్తోంది, తెర మీది మేకను చూస్తే లేచి రోడ్డు మీదికి ఉరకాలనిపిస్తోంది.

"బతికున్నదా, జర చూస్త" అంటూ కళావతి పెట్టెలో చెయ్యి పెట్టింది. అతను వద్దనేలోపే, అచ్చం మొగుడిలాగే, చూపుడువేలు చిప్ మీద ఆనించింది. ఆమె నవ్వు ఆగిపోయింది.

"గిదేంది మల్లీ, మంచుగడ్డ లెక్క చల్లగున్నది?"

మల్లికార్జున్ చెయ్యి తన జేబు మీదికి పోయింది. ఆమె వేలి కింద ఉన్నది సికింద్రాబాద్ నుంచి తెచ్చిన కొత్త చిప్. ఏ తీగా తగలని అన్న చిప్ అతని చొక్కా జేబులో, సరిగ్గా గుండె మీద, కాలిపోతోంది.