కుడివైపుకు వాలిన మీట

“ఇది ఒక్కసారి కూడా పేలలేదట. కొనడానికొచ్చినవాడు అమ్మ ముందే అనేశాడు,” అంది లోయిస్, చనిపోయిన తండ్రి తుపాకీ సంచీని బల్ల మీద పెడుతూ. “అప్పట్నుంచి అమ్మ తిండి మానేసింది.”

పాత తుపాకుల విషయంలో ఆ లోయలో ఆరిన్ టటిల్ మాటే ఆఖరు. అతను సంచీ విప్పాడు. పార్కర్ కంపెనీ డబుల్ బ్యారెల్, రెండు గొట్టాల తుపాకీ. గొట్టాలు విడదీసి, అడుగున చెక్కిన అంకె చూశాడు.

“యుద్ధానికి ముందుది. మెరిడెన్ కర్మాగారంలో చేసింది.”

“దాని జాతకం ఎవరిక్కావాలండీ. పేలిందా, లేదా?”

“పేల్చకపోతే మీ నాన్నగారు దీంతో ఏం చేసేవారు?”

“అమ్మ అడిగేదీ అదే. ప్రతి శనివారం దీన్ని తీసుకుని వెళ్ళేవాడు. వేట కాలంలో అడవికోళ్ళకి, మిగతా నెలల్లో క్లబ్బులో గాల్లోకి ఎగరేసే మట్టి బిళ్ళలు కొట్టడానికి. కోళ్ళని ఈకలు పీకి, శుభ్రం చేసి మరీ తెచ్చేవాడు. తింటుంటే ఒక్క సీసం గుండు పంటికి తగిలేది కాదు. తలకే గురి పెడతాననేవాడు.” నవ్వబోయి మానేసింది. “ఆదివారం చర్చి నుంచి రాగానే నూనె గుడ్డతో దీనికి సేవ. నన్నెప్పుడూ అంతసేపు ఒళ్ళో కూర్చోబెట్టుకోలేదు.”

ఆరిన్ గొట్టాలు తిరిగి బిగించి మూశాడు. గొట్టాలు తెరిచే పై మీట బాగా కుడివైపుకే వాలి ఆగింది. వాడేకొద్దీ అది మధ్యకి జరగాలి. తూటాని కొట్టే పిన్ను రంధ్రాల చుట్టూ, పేలేకొద్దీ చెరిగిపోవలసిన ఉక్కు మీది రంగులు, నీళ్ళ మీద కిరసనాయిల్లా, చెక్కుచెదరలేదు. కొనడానికొచ్చినవాడు గుడ్డివాడు కాదు.

ఒక్క మాట చాలు, ఆ ముసలావిడ కాపురమంతా అబద్ధమైపోతుంది. ఆ మాట అనాలన్న కోరిక తన నిజాయితీలోంచి వస్తోందా, ఇంకెక్కడి నుంచైనా వస్తోందా అని ఆరిన్ తనలోకి చూసుకున్నాడు. కనిపించింది అతనికి నచ్చలేదు.

“ఏంటండీ, నోరు పడిపోయిందా?”

“పేలిన తుపాకీయే. బాగా పేలింది,” అన్నాడు. “వదులైతే ఎవరో మంచి పనివాడు మీట బిగించి, రంగులు మళ్ళీ ఎక్కించాడు. అందుకే కొత్తదానిలా ఉంది. నేను చెప్పానని మీ అమ్మగారితో అనండి.”

లోయిస్ కుర్చీలో కూలబడింది. “ఊళ్ళో ఏదేదో అనుకున్నారు. నేనూ అనుకున్నాను. చచ్చినవాడి మీద.”

“గొట్టాల మూతి కిందికి ఉండేలా నిలబెట్టండి. లేకపోతే నూనె దిగి చెక్క మెత్తబడిపోతుంది.”

“నాన్నా అదే అనేవాడు.” తలుపు దగ్గర ఆగింది. “మీరెప్పుడైనా చూశారా ఆయన్ని?”

“లేదు,” అన్నాడు ఆరిన్.

శనివారాలు అతనూ ఆయన్ని నాన్నా అనే పిలిచేవాడు.