కిటికీ ఊచకు కట్టిన రబ్బరు

జగ్గయ్యపేటలో డ్యూటీ దిగి, బస్సులో నిలబడే నందిగామ వచ్చా. చెప్పులు విప్పకముందే మా ఆయన పిలిచారు.

"సుధా, ఇటు చూడు!"

పక్షవాతం వచ్చిన కుడిచేత్తో, కిటికీ ఊచకు కట్టిన ఎక్సర్‌సైజు రబ్బరును గోడమీది పెన్సిల్ గీత దాటించారు. పోయిన వారం గీత దగ్గరికే రాలేదు.

"బలం వచ్చేసిందండీ!" అని నవ్వుతూ చప్పట్లు కొట్టా.

నిజానికి లాగీ లాగీ రబ్బరే వదులైపోయింది. మొన్నే కొత్తది కొని బ్యాగులోనే దాచా. కట్టడానికి మనసు రాలేదు.

అన్నం కలిపి పెడుతుంటే నెమ్మదిగా అన్నారు.

"ఇన్నేళ్ళూ కాలేజీలో ఫిజిక్సు చెప్పినవాణ్ణి. అంతే బలానికి ఎక్కువ సాగిందంటే రబ్బరులో బిగువు పోయినట్టు. నాకు తెలీదా?"

"మరెందుకండీ అంత సంబరపడ్డారు?"

"నువ్వు నవ్వి ఎన్నాళ్ళయిందే! బ్యాగులో కొత్తది దాచడం చూశాలే, రేపు తీసి కట్టు."